బడ్జెట్ రేస్ కార్: 3 లక్షల్లో రేసింగ్‌కి ఏ కారు కొనొచ్చు? హయత్‌నగర్ నుంచి ట్రాక్ దాకా అసలు లెక్క ఇదీ..

హయత్‌నగర్: సిటీ ట్రాఫిక్ పల్చబడే వేళకి ఎల్బీనగర్ వైపు నుంచి పెద్దఅంబర్‌పేట దిశగా ఒకదాని వెనక ఒకటి రెండు మూడు చిన్న కార్లు దూసుకెళ్తుంటాయి. మార్చిన సైలెన్సర్, కిందకి దించిన స్ప్రింగులు, వెనక అద్దం నిండా స్టిక్కర్లు. విజయవాడ హైవే పక్కన ఉండేవాళ్లకు ఈ సౌండ్ కొత్తేం కాదు. ఇంకాస్త ముందుకెళ్తే ఔటర్ రింగ్ రోడ్డు. ఎనిమిది లేన్లు, మొత్తం 158 కిలోమీటర్లు, ఒక్క సిగ్నల్ లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది రోడ్డులా కాదు, ట్రాక్‌లా కనిపిస్తుంది.

వీళ్లందరూ ఆకతాయిలే అనుకుంటే పొరపాటు. నిజంగానే రేసింగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ విప్పి బిగించడం తెలిసినవాళ్లు, జీతంలో నెలనెలా కొంత దాచి పాత కారు కొనాలనుకునేవాళ్లు. వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. రెండు మూడు లక్షల్లో రేసింగ్‌కి పనికొచ్చే కారు ఏది? వీడియోల్లో దీనికి దొరికే జవాబు కూడా ఒకటే.. ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని సెకన్లలో వంద అందుకుంటుంది. నిజానికి ఆ రెండు అంకెలూ ఈ నిర్ణయంలో చివర చూడాల్సినవి. కారు ధర అసలు ఖర్చే కాదు. ఎందుకో చూద్దాం.

ముందు రోడ్డు సంగతి తేల్చేద్దాం

రాష్ట్ర ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద రేస్ పెట్టినా, అందులో పాల్గొన్నా మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే మూడు నెలల వరకు జైలు లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా. ఓఆర్‌ఆర్ మీద గరిష్ఠ వేగ పరిమితి 120. అక్కడ ఎవరితోనూ పోటీ పడకుండా ఒక్కరే 160 కొట్టినా అది స్పీడింగ్, ప్రమాదకర డ్రైవింగ్ కిందకే వస్తుంది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు మొదలవుతాయి. అప్పుడు మాట్లాడేది జరిమానా గురించి కాదు, ఏళ్ల గురించి.

ఈ సిటీ ఇవన్నీ చూసింది. 2011 సెప్టెంబర్‌లో మాజీ క్రికెటర్ అజారుద్దీన్ కుమారుడు అయాజుద్దీన్ ఓఆర్‌ఆర్ మీద సూపర్‌బైక్ ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. బండి మీద వెనక కూర్చున్న దగ్గరి బంధువు కూడా బతకలేదు. 2019 నవంబర్ 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీంచి ఓ ఎర్ర కారు గాల్లోకి లేచి కింద రోడ్డు మీద పడింది. ఆ ఫ్లైఓవర్ ప్రారంభమై అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. అది రేస్ కాదు, ఒక్క కారే. అక్కడి పరిమితి గంటకు 40 కిలోమీటర్లు. కారు దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో మలుపులోకి వచ్చిందని పోలీసులు తేల్చారు. చనిపోయింది కారులో ఉన్న వ్యక్తి కాదు, కింద రోడ్డు పక్కన నిలబడ్డ మహిళ. ఆ సీసీటీవీ వీడియో ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ. అంటే సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో "తక్కువలో ఫాస్ట్ కారు" అని ఎక్కువ మంది వెతికే మోడళ్లలో ఒకటి. తప్పు కారుది కాదు. ఆ వేగాన్ని పట్టుకునే మలుపు అక్కడ లేదు, తప్పితే ఆపడానికి ఖాళీ స్థలం లేదు. ట్రాక్ అంటే ఆ రెండూ ఉండే చోటు.

మరి ట్రాక్ ఎక్కడుంది?

కార్ల రేసింగ్ కోసం మన కుర్రాళ్లు ఎక్కువగా చూసేది చెన్నై వైపే. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో దీన్ని తెరిచింది. పొడవు 3.7 కిలోమీటర్లు. ఆ తర్వాత కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే. 2 కిలోమీటర్ల కంటే కొంచెం ఎక్కువ ఉండే చిన్న ట్రాక్, చిన్న కార్లకు సరిగ్గా సరిపోతుంది. కానీ ఇక్కడి నుంచి 900 కిలోమీటర్ల పైమాటే. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఇంకా దూరం, పైగా 5 కిలోమీటర్ల ఫార్ములా వన్ ట్రాక్ మీద 80 హార్స్‌పవర్ కారుతో వెళ్తే స్ట్రెయిట్ మీద నిద్రొస్తుంది.

హయత్‌నగర్ వాళ్లకు ఒక చిన్న అడ్వాంటేజ్ ఉంది. హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లే దారి వీళ్ల ఇంటి ముందు నుంచే. నార్కెట్‌పల్లి దాకా విజయవాడ హైవే, అక్కడ కుడివైపు తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా అద్దంకి, మేదరమెట్ల దగ్గర కోల్‌కతా-చెన్నై హైవే ఎక్కి ఒంగోలు, నెల్లూరు దాటితే చెన్నై. సర్క్యూట్ గేటు దాకా 600 కిలోమీటర్లకు పైనే.

ఇప్పుడు లెక్క వేయండి. రానుపోను 1,250 కిలోమీటర్లు. కారు లీటరుకు 15 ఇస్తుందనుకుంటే 83 లీటర్ల పెట్రోల్. లీటరు 107 రూపాయలు వేసుకున్నా దాదాపు 9 వేలు. టోల్, తిండి, రూమ్ వేరే. ఇక ట్రాక్ మీద మీకు దొరికేది? కొందరు నిర్వాహకులు సర్క్యూట్ అద్దెకు తీసుకుని ట్రాక్ డేలు పెడుతుంటారు. 20 నిమిషాల సెషన్ అనుకుందాం. మామూలు చిన్న కారుతో కొత్త డ్రైవర్‌కి ఏడెనిమిది ల్యాపులు, అంటే 30 కిలోమీటర్ల లోపు. రోజంతా నాలుగైదు సెషన్లు తిరిగినా 150 కిలోమీటర్లు దాటదు. నూట యాభై కిలోమీటర్ల రేసింగ్ కోసం పన్నెండు వందల కిలోమీటర్ల ప్రయాణం!

ఈ ఒక్క లెక్కతోనే సగం కార్లు లిస్టులోంచి ఎగిరిపోతాయి. ఎందుకంటే మనకి కావాల్సింది ట్రాక్ మీద దెబ్బలు తిన్నాక మళ్లీ అదే రోజు రాత్రి మిర్యాలగూడ మీదుగా ఇంటికి తీసుకొచ్చే కారు. కారు క్యారియర్ లారీ మీద పంపించే స్తోమత ఉంటే ఈ ఆర్టికల్ చదవాల్సిన అవసరం మీకు లేదు.

ఇన్సూరెన్స్ పేపర్ ఒకసారి తీసి చదవండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మీ కారు పాలసీలో వాహనాన్ని వేటికి వాడకూడదో చెప్పే భాగం ఒకటి ఉంటుంది. అద్దెకు తిప్పడం, వ్యవస్థీకృత రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్.. ఇవి అందులో ఉంటాయి. అంటే ట్రాక్ మీద గోడకి గుద్దితే బంపర్ టు బంపర్ పాలసీ ఉన్నా పైసా రాదు. పబ్లిక్ రోడ్డు మీద రేస్ చేస్తూ ఎవరినైనా గుద్దితే పరిస్థితి ఇంకా దారుణం. రేసింగ్ వాడకాన్ని చూపించి థర్డ్ పార్టీ బాధ్యత నుంచి తప్పుకునే వాదన బీమా కంపెనీకి చట్టమే ఇచ్చింది. పరిహారం కారు ఓనర్ నెత్తిన పడుతుంది. ఆ ఓనర్ చాలాసార్లు నాన్న.

అందుకే అమెచ్యూర్ రేసింగ్ కారుకి మొదటి అర్హత వేగం కాదు. రేపు పొద్దున అది పూర్తిగా తుక్కయిపోయినా మీ ఇల్లు నడవాలి. ఈఎంఐ నడుస్తున్న కారు, ఆఫీసుకి వెళ్లే కారు, ఇంట్లో వాళ్లు ఎక్కే కారు.. ఈ మూడూ ట్రాక్‌కి పనికిరావు. కొత్త కారుకి 10 లక్షల లోన్ తీసుకుని ట్రాక్ డేకి వెళ్లేవాడికంటే, లక్షన్నర పెట్టి పాత స్విఫ్ట్ కొన్నవాడు మలుపులో ధైర్యంగా తిప్పుతాడు. ల్యాప్ టైమ్ కూడా చాలాసార్లు వాడిదే బాగుంటుంది. భయపడేవాడి కుడికాలు ఎప్పుడూ బ్రేక్ మీదే ఉంటుంది కదా.

డబ్బు తినేది ఇంజిన్ కాదు.. బ్రేకులు, టైర్లు

ఫిజిక్స్ మాస్టారు చెప్పిన పాఠం గుర్తు చేసుకోండి. వేగం రెట్టింపైతే కదిలే వస్తువులో శక్తి నాలుగు రెట్లవుతుంది. 140 మీద వెళ్తున్న కారులో 60 మీద వెళ్లేటప్పటి కంటే అయిదు రెట్ల పైనే శక్తి ఉంటుంది. ఆ తేడా మొత్తాన్ని మలుపు ముందు కొన్ని సెకన్లలో బ్రేక్ డిస్కులే వేడిగా మార్చాలి. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఒకసారి గట్టిగా బ్రేక్ వేస్తే మళ్లీ వనస్థలిపురం దాకా డిస్కులు చల్లారుతూ వెళ్తాయి. ట్రాక్ మీద అలా కాదు. చల్లారేలోపే ఇంకో మలుపు వస్తుంది.

మూడో ల్యాపులో పెడల్ మెత్తబడుతుంది. నాలుగో ల్యాపులో కిందదాకా వెళ్లిపోతుంది. జరిగేది ఏంటంటే బ్రేక్ ఫ్లూయిడ్ మరుగుతుంది. ద్రవం నొక్కితే కుదించుకోదు, బుడగలు మాత్రం కుదించుకుంటాయి. మీరు నొక్కింది బుడగలకే సరిపోతుంది, కాలిపర్ దాకా చేరదు. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ అది గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది. తేమ చేరాక ప్రమాణం 140 డిగ్రీలే. డాట్ 4కి ఇవి 230, 155. డాట్ 5.1కి 260, 180. పాత కారు కొన్నప్పుడు ఆ ఫ్లూయిడ్ ఎన్నేళ్ల నుంచి మార్చలేదో ఎవరికీ తెలియదు. కొన్ని వందల రూపాయల డబ్బా అది. దాన్ని మార్చకుండా 15 వేలు పెట్టి సైలెన్సర్ మార్చేవాళ్లను చూస్తే ఏమనాలో అర్థం కాదు.

ఫ్లూయిడ్ తర్వాత ప్యాడ్లు. కంపెనీ ప్యాడ్లు రోడ్డు వేడికి తయారుచేసినవి, ట్రాక్ మీద ఒక్క రోజులో అంచులు కాలిపోయి రాలడం మామూలే. ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్లు మీ మోడల్‌కి మన దేశంలో దొరుకుతాయా లేదా అన్నది కారు కొనకముందే కనుక్కోవాలి. దొరక్కపోతే ఆ కారు ఎంత ఫాస్ట్ అయినా వదిలేయండి.

టైర్లది ఇంకో కథ. రోడ్డు మీద 40 వేల కిలోమీటర్లు వచ్చే టైరు, మలుపుల్లో అంచుల మీద నిలబడి అరుస్తుంటే కొన్ని ట్రాక్ డేలకే భుజాలు కోల్పోతుంది. ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందు టైర్లు మరీ తొందరగా పోతాయి, పాపం గుంజేదీ అవే, తిరిగేదీ అవే, బ్రేకింగ్‌లో ఎక్కువ భాగం మోసేదీ అవే. అందుకే రిమ్ సైజు చూడండి. 14, 15 అంగుళాల రిమ్ అయితే ఏ ఊళ్లోనైనా టైర్ దొరుకుతుంది. స్టైల్ కోసం 17 అంగుళాలు వేయించిన కారు కొంటే ప్రతి జతకీ జేబు కాలుతుంది, బరువు పెరిగి కారు నెమ్మదిస్తుంది కూడా. సెషన్ అయ్యాక వేడిగా ఉండగానే గాలి చూసుకోండి. వేడికి పెరిగిన గాలితో అలాగే వెళ్తే రెండో సెషన్‌లో కారు జారుతుంది, మీరు మాత్రం డ్రైవింగ్ రాలేదనుకుని బాధపడతారు.

ఇంతకీ ఏ కారు?

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. 3 లక్షల బడ్జెట్ అంటే కారుకి సగం మించకుండా పెట్టాలన్నది మా అంచనా. మిగతా సగం బ్రేకులు, టైర్లు, హెల్మెట్, ప్రయాణం, ఎంట్రీ ఫీజులకే అయిపోతుంది.

పెట్రోల్ స్విఫ్ట్. బోర్ కొట్టే జవాబే, కానీ కరెక్ట్ జవాబు. 2005లో వచ్చిన మొదటి తరానికి ఎస్టీమ్ నుంచి వచ్చిన 1.3 ఇంజిన్, 2010 నుంచి 1.2 కె-సిరీస్. 80లలో హార్స్‌పవర్, గట్టిగా తిరిగే గేర్‌బాక్స్, క్లచ్ ప్లేట్ నుంచి కంట్రోల్ ఆర్మ్ దాకా ఏ సెంటర్‌లోనైనా దొరికే స్పేర్లు. 2018లో వచ్చిన మూడో తరం ఇంకా తేలిక, 900 కిలోల లోపే. కానీ దాని రేటు ఇంకా మన బడ్జెట్ మీద నుంచే వెళ్తోంది. వెనక డ్రమ్ బ్రేకులే కదా అని పెదవి విరిచేవాళ్లుంటారు. తేలిక కారుకి మొదటి రెండేళ్లు అవి చాలు.

డీజిల్ స్విఫ్ట్ మాత్రం వద్దు. టార్క్ బాగుంటుంది, హైవే మీద సరదాగా ఉంటుంది, కానీ ముందు భాగంలో బరువు ఎక్కువ. మలుపులో ముక్కు బయటికి పోతుంది.

పోలో. బాడీ గట్టిదనం, హైవే మీద నిలకడ ఈ ధరలో ఇంకో కారుకి లేవన్నది నిజం. 2010 నుంచే దీనితో మన దేశంలో ప్రత్యేకంగా పోలో కప్ రేసులు నడిచాయి. కానీ మూడు లక్షల్లోపు దొరికేది ఎక్కువగా మూడు సిలిండర్ల 1.2 మోడల్. బరువు వెయ్యి కిలోలు, పవర్ 75. ఊరికే అరుస్తుంది, కదలదు. 105 హార్స్‌పవర్ జీటీ టీఎస్ఐ కావాలంటే బడ్జెట్ పెరుగుతుంది, దాంతో పాటు డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ టెన్షన్ వస్తుంది. వేడి, ఎండ, ట్రాక్.. ఈ మూడూ ఆ గేర్‌బాక్స్‌కి నచ్చవు. 2022లో కంపెనీ ఇక్కడ పోలో ఆపేసింది. స్పేర్లు దొరకవని కాదు, కానీ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

పాత గుర్రాలు ఎస్టీమ్, హోండా సిటీ వీటెక్. వీటి పేరు చెబితే సీనియర్ రేసర్ల కళ్లు మెరుస్తాయి. 1994 నుంచి 2007 దాకా వచ్చిన ఎస్టీమ్ భారత్‌లో టూరింగ్ కార్ రేసింగ్‌కి ఏళ్ల తరబడి వెన్నెముక. 900 కిలోల లోపు బరువు, 85 హార్స్‌పవర్. 2000 ప్రాంతంలో వచ్చిన సిటీ వీటెక్ 106 హార్స్‌పవర్‌తో అప్పట్లో సంచలనం. ఇప్పుడు కొంటే సమస్య ఏంటంటే వయసు. 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5 వేలకి పెరిగింది. 20 ఏళ్లు దాటితే 2025లో దాన్ని 10 వేలు చేశారు. పైన గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్. అన్నింటికంటే ముఖ్యం తుప్పు. రంగు కింద డోర్ సిల్స్, స్ట్రట్ టవర్లు తినేసి ఉంటే ఆ కారు గోడకి తగిలినప్పుడు అగ్గిపెట్టెలా మడతపడుతుంది. మంచిది దొరికితే అదృష్టం, కానీ మొదటి కారుగా వద్దు.

ఫోర్డ్ ఫిగో, ఫియస్టా స్టీరింగ్ ఫీల్‌కి ఇప్పటికీ అభిమానులున్నారు. ఫియస్టా 1.6 పెట్రోల్ అయితే నిజంగా సరదా కారు. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించడంతో సెకండ్‌హ్యాండ్ రేట్లు పడ్డాయి. తక్కువకి వస్తుంది, గుద్దితే మాత్రం హెడ్‌లైట్ కోసం ఊళ్లు తిరగాలి. ఆల్టో కె10? నవ్వకండి. చాలా తేలిక, 68 హార్స్‌పవర్, స్పేర్లు కూరగాయల రేటు. బ్రేకింగ్, లైన్ పట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే చవక క్లాస్‌రూమ్ లేదు. సన్న టైర్లు, పొట్టి కారు కాబట్టి పెద్ద స్పీడ్‌లో మాత్రం నమ్మలేం.

కొనే ముందు ఆటోనగర్‌లోనో, మీకు నమ్మకమున్న చోటో కారుని లిఫ్ట్ ఎక్కించి కింద నుంచి చూడండి. ఛాసీ లెగ్స్ మీద వెల్డింగ్ గుర్తులు, రేడియేటర్ సపోర్ట్ మీద కొత్త పెయింట్ ఉంటే ఒకసారి గట్టిగా గుద్దిన బండి. కూలెంట్ ట్యాంకులో ఆయిల్ జిడ్డు ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. వరదలో మునిగిన కార్లు ఈ సిటీలో తక్కువేం కాదు, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర బురద మరక ఉందేమో చూడండి.

రోల్ కేజ్ వేయించి ఆఫీసుకి వెళ్తే?

వద్దు. రేస్‌లో కారు తిరగబడినా డ్రైవర్ మీద టాప్ కుంగకుండా లోపల వేసే ఇనుప పైపుల చట్రమే రోల్ కేజ్. హెల్మెట్, బకెట్ సీటు, అయిదారు పాయింట్ల బెల్టు ఉన్నప్పుడే అది కాపాడుతుంది. హెల్మెట్ లేకుండా మామూలు బెల్టుతో రోడ్డు మీద తిరిగితే చిన్న యాక్సిడెంట్‌కి కూడా తల పోయి ఆ పైపుకే కొట్టుకుంటుంది. పైగా అనుమతి లేకుండా వాహనం నిర్మాణం మార్చడం చట్టప్రకారం నేరం. ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు అని సెక్షన్ 182ఏ చెబుతోంది. ట్రాక్ డేకి చాలాసార్లు కండిషన్‌లో ఉన్న మామూలు కారు, హెల్మెట్ చాలు. కేజ్ వేయించే రోజు వచ్చిందంటే అది ఇక రోడ్డు కారు కాదని ఫిక్స్ అవ్వాలి.

నిజమైన పోటీలకి దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ని నడిపే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ కావాలి. దానికి మెడికల్ సర్టిఫికెట్ ఉంటుంది, పోటీ స్థాయిని బట్టి శిక్షణ ఉంటుంది. అక్కడ కేజ్ నుంచి గ్లోవ్స్ దాకా ఏ ప్రమాణంలో ఉండాలో రూల్‌బుక్ చెబుతుంది. బైక్ హెల్మెట్‌తో అక్కడికి వెళ్తే స్క్రూటినీలోనే ఆపేస్తారు. ఇంకో దారి కూడా ఉంది. కొత్తవాళ్ల కోసం పెట్టే నోవిస్ కప్ లాంటి పోటీల్లో కారు టీమ్‌దే, మీరు సీటుకి డబ్బు కడతారు. ఏడాదికి రెండు మూడుసార్లే వెళ్లగలిగేవాడికి సొంత కారు కంటే ఇదే చవక పడొచ్చు.

చవక రేసింగ్ కొత్త ఐడియా ఏం కాదు

1980ల చివర్లో కోయంబత్తూరుకి చెందిన కరివర్ధన్ సరిగ్గా ఇదే సమస్య మీద పనిచేశాడు. తెలుగు మూలాలున్న మిల్లుల కుటుంబం ఆయనది. విదేశీ రేస్ కార్లు దిగుమతి చేసుకునే స్తోమత మన కుర్రాళ్లకి లేదని తెలిసి, వీధివీధినా తిరిగే మారుతీ 800 ఇంజిన్‌నే తీసుకుని ఒంటి సీటు రేస్ కారు కట్టాడు. అదే ఫార్ములా మారుతీ. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజిన్ పోతే పక్క వీధి మెకానిక్ దగ్గర ఇంకోటి దొరుకుతుంది, అదే దాని గొప్పతనం. 2005లో ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఈ కార్లలోనే. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ చనిపోయాడు. కోయంబత్తూరు ట్రాక్‌కి ఉన్న "కరి" అన్న పేరు ఆయనదే.

అమెరికాలో 2006 నుంచి "24 అవర్స్ ఆఫ్ లెమన్స్" అనే సరదా రేసులు నడుస్తున్నాయి. రూల్ ఏంటంటే కారు విలువ 500 డాలర్లు దాటకూడదు. అయితే ఆ 500లో సేఫ్టీ సామాన్లు, బ్రేకుల ఖర్చు కలపరు. కారు ఎంత డొక్కుదైనా పర్లేదు, ఆగడం దగ్గర, బతకడం దగ్గర మాత్రం పిసినారితనం కుదరదని రూల్‌బుక్కే చెబుతోందన్నమాట. మన దగ్గర సరిగ్గా దీనికి రివర్స్. డబ్బంతా వేగం పెంచడానికి పోతుంది, ఆపడానికి మిగలదు.

కోట్ల ట్రాక్ వచ్చింది.. వెళ్లింది

ఇక్కడో మాట అనక తప్పదు. హైదరాబాద్‌కి రేస్ ట్రాక్ రానే లేదా అంటే, వచ్చింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం చుట్టూ 2.8 కిలోమీటర్ల స్ట్రీట్ సర్క్యూట్. 2022 చివర్లో ఇండియన్ రేసింగ్ లీగ్, 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, సిటీ అంతా సెల్ఫీలు దిగింది. 2024లో జరగాల్సిన రెండో రేస్ రద్దయింది. నిర్వాహక సంస్థకి దాదాపు 55 కోట్లు చెల్లించిన వ్యవహారంపై అదే ఏడాది డిసెంబర్‌లో ఏసీబీ కేసు పెట్టడం, మాజీ మంత్రి కేటీఆర్‌ని నిందితుల్లో చేర్చడం, ఆయన ఆరోపణలను ఖండించడం.. ఇవన్నీ వార్తల్లో చూస్తూనే ఉన్నాం. ఆ కేసులో ఎవరిది తప్పన్నది కోర్టులు తేలుస్తాయి. కానీ ఒకటి మాత్రం కళ్లముందే ఉంది. బారికేడ్లు తీసేశాక అక్కడ మిగిలింది మామూలు ట్రాఫిక్ రోడ్డే. హయత్‌నగర్ కుర్రాడికి అప్పుడూ టికెట్ కొని చూడటమే, ఇప్పుడూ 600 కిలోమీటర్లు వెళ్లడమే.

హైదరాబాద్ నుంచి జాతీయ స్థాయి టైటిళ్లు గెలిచిన రేసర్లు లేకపోలేదు. ఫార్ములా కార్లలో మెరిసిన అనిందిత్ రెడ్డి ఉన్నాడు. చేవెళ్ల ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి కుమారుడు. ఆయన ప్రతిభని తక్కువ చేయడం కాదు గానీ, ప్రతి ప్రాక్టీస్‌కీ ఊరు దాటాల్సిన ఆటలో అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్లే నిలబడగలరు.

కొత్తగా ఫార్ములా వన్ స్థాయి సర్క్యూట్ కట్టమని ఎవరూ అడగట్లేదు. ఆటోక్రాస్ అనే పోటీ ఉంది. ఓ పెద్ద ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి, ఒక్కో కారునే టైమ్ పెట్టి వదులుతారు. స్పీడ్ 60, 70 దాటదు, పక్కన ఇంకో కారు ఉండదు, తప్పు చేస్తే పోయేది ఓ ప్లాస్టిక్ కోన్. సమాఖ్య అనుమతి, అంబులెన్స్, ఫైర్ సిబ్బంది, ఓ ఆదివారం ఖాళీగా ఉండే గ్రౌండ్ ఉంటే చాలు. ఓఆర్‌ఆర్ మీద కెమెరాలు, పెట్రోలింగ్ పెంచడానికి పెట్టే ఖర్చు ముందు ఇదెంత?

అప్పటిదాకా మొదటిసారి చెన్నై బయల్దేరేవాళ్లకి చెక్‌లిస్ట్ చిన్నదే. కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, ఒక సెట్ స్పేర్ ప్యాడ్లు, వీల్ నట్లు బిగించే టార్క్ రెంచ్, టైర్ గేజ్, రెండు లీటర్ల ఇంజిన్ ఆయిల్, టో హుక్. వెనక సీట్ల కింద ఉన్న బాటిళ్లు, జాకీ, దేవుడి బొమ్మలు అన్నీ తీసి రూమ్‌లో పెట్టేయండి, మలుపులో అవి పెడల్ కిందకి వస్తాయి. మొదటి సెషన్‌లో ఎవరినీ దాటకండి. చివరి ల్యాపు నెమ్మదిగా తిరిగి బ్రేకులు చల్లారనివ్వండి, పార్క్ చేశాక హ్యాండ్ బ్రేక్ లాగకండి, గేర్‌లో వదిలేయండి. సాయంత్రం ప్యాడ్లు ఎంత మిగిలాయో చూసుకున్నాకే నెల్లూరు దారి పట్టండి. రాత్రి అద్దంకి రోడ్డు మీద లారీల వెనక అవే బ్రేకులతో రావాలి.